ఈశాన్యంలో గాజుపట్టీ

"గాజుపట్టీ ఏమైంది?"

గోద ఈ మాట అడగడం ఇది మూడోసారి. మేడ మీద హాల్లో ఉన్న ముగ్గురికీ చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ పూటకు మాత్రం ముగ్గురూ చెవిటివాళ్ళైపోయారు.

మామగారు దేవనాథన్ చేతిలో పేపరుంది. ఆయన దాన్ని చదవడమూ లేదు, మడవడమూ లేదు. భర్త పద్మనాభ్ తెర ఆరిపోయిన ఫోను వంక దీక్షగా చూస్తున్నాడు. అత్తగారు కుముదవల్లి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తీసినవాటికే మళ్ళీ తీస్తోంది.

పొద్దున ఆరున్నరకు వెళ్ళిన గోద పదకొండు గంటలకు తిరిగొచ్చేసరికి, కింద ఈశాన్యపు స్తంభం పక్క గోడ తడి సిమెంటు పూతతో నున్నగా మెరుస్తోంది. గోడలో వాలుగా పాకిన పగులు లేదు. పగులుకు అడ్డంగా తన చేత్తో అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ రాసిన గాజుపట్టీ కూడా లేదు.

"మునస్వామి వచ్చినాడు," అన్నాడు చివరికి పద్మనాభ్. "ఊరికే ఉండానన్నాడు. సరే, ఆ గోడకింత పూత ఏసి పో అన్నాము."

"మేస్త్రీ దొరక్క కాలనీ అంతా అల్లాడతా ఉంటే మునస్వామి ఊరికే ఉండాడా?"

పద్మనాభ్ మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయాడు.

"నేనే పిలిపించినాను," అన్నాడు దేవనాథన్. దేవస్థానం ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైనా ఆయన గొంతు ఇంకా రిటైరు కాలేదు. "ఇంటికి మనిషొస్తా ఉంటే ఇల్లు సర్దుకోమా? అట్లనుకో."

రెండు గంటలకు రాబోయే ఆ మనిషి చుట్టమేమీ కాదు. కార్పొరేషన్ ఇంజనీరు చక్రధర్. ఒకప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో గోద దగ్గర చదువుకున్నవాడు. పై చెరువు కట్ట తెగి ఆళ్వార్ కాలనీ నాలుగు రోజులు నీళ్ళలో నానింది. నీళ్ళు తీసి పన్నెండు రోజులైంది. అప్పట్నుంచి గోద, చక్రధర్, మరో ఇద్దరు ఇల్లిల్లూ తిరిగి గోడలు తట్టి, స్తంభాలు కొలిచి, గేటు పక్కన రంగు వేసి వస్తున్నారు. పచ్చ వేస్తే నిశ్చింతగా ఉండొచ్చు. పసుపు వేస్తే ఉంటూనే బాగు చేయించుకోవచ్చు. ఎరుపు వేస్తే ఆ పూటే ఖాళీ చేయాలి.

ఎవరి ఇంటికి వాళ్ళు గుర్తు వేసుకోకూడదు కాబట్టి ఈ ఇల్లు చక్రధర్ వంతుకు వచ్చింది.

"సరే, సర్దినారు. పట్టీ?"

"గీకేటప్పుడు రాలిపోయింది."

"రాలినప్పుడు ఒక్కటిగా ఉండిందా, రెండు ముక్కలుగా ఉండిందా మామయ్యా?"

"ఒక్కటిగానే ఉండింది."

"మీరు చూసినారా?"

"మునస్వామి చూసినాడు."

"ఒక్కటిగానే ఉండిందంట లే గోదా," అని పద్మనాభ్ వత్తాసు పలికాడు.

కుముదవల్లి మాత్రం తల ఎత్తలేదు.

గోదకు ఆ మాట నమ్మాలని ఉంది. ఊరందరి ఇళ్ళకూ గుర్తులు వేసిన మనిషికి తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి పసుపు చాలనిపించింది. పదకొండేళ్ళుగా ఉంటున్న ఇల్లు. పగులు పెరగకుండా ఆగిపోతే పట్టీ నిలుస్తుంది, పెరిగితే పుటుక్కున విరుగుతుంది. గాజుకు సాగడం తెలియదు, సర్దుకుపోవడం తెలియదు. అందుకే పోయిన ఆదివారం అంత గొడవ పడి, మామగారి చేత మాట తీసుకుంది. పట్టీ నిలిస్తే ఇంట్లోనే ఉందాం, విరిగితే ఆ రోజే పోదాం అని.

ఇప్పుడు సాక్షిని మాయం చేసి, సాక్ష్యం మాకు అనుకూలమే అంటున్నారు.

"మామయ్యా, అది విరిగుంటే ఈ ఇల్లు కదలతా ఉండాదని అర్థం. దాని మీద పూత పూస్తే ఆగదు."

"కదలతా ఉండాది, కదలతా ఉండాది. ఈ పన్నెండు దినాల్లో నువ్వు నేర్చిన మాట ఇదొక్కటే." దేవనాథన్ పేపరు బల్ల మీద పడేశాడు. "ఎర్ర గుర్తు పడితే ఏమైతాదో తెలుసునా? పెరుమాళ్ళని తీసుకొని యాడికి పోయేది? ఇండ్లు ఖాళీ చేసినోళ్ళుండే కల్యాణమండపంలో అందరి మధ్యన చాప మీద పెట్టుకునేదా? నాలుగు తరాల సాలగ్రామం. మా తాత కార్వేటినగరం నుంచి తల మీద పెట్టుకొని నడిచొచ్చినాడు."

"అయితే పెరుమాళ్ళు ఒకసారి కదిలినాడు కదా," అంది గోద.

అనకుండా ఉండాల్సింది. దేవనాథన్ ముఖం నల్లబడింది. పద్మనాభ్ "గోదా" అన్నాడు మెల్లగా. ఆ పిలుపులో కోపం కంటే బతిమాలుడే ఎక్కువుంది.

"నువ్వు చెప్తే ఆ చక్రధర్ పసుపు వేస్తాడు," అన్నాడు దేవనాథన్. "ఒక్క మాట. ఇంతకాలం నిన్నేమీ అడగలేదు నేను."

అది నిజమే. ఆయన అడిగే మనిషి కాదు, ఆజ్ఞాపించే మనిషి. ఇప్పుడు అడుగుతున్నాడు. గోద చెప్పులేసుకుని మెట్లు దిగింది.

ఈ ఇంట్లో మంచిదంతా ఈశాన్యంలోనే ఉంది. దేవనాథన్ ప్లాను తానే గీయించాడు. కింద ఆ మూల నీళ్ళ తొట్టి భూమిలోకి దింపించాడు, సరిగ్గా దాని పక్క స్తంభం మీదుగా పై అంతస్తులో పెరుమాళ్ళ గది కట్టించాడు. ఈశాన్యానికి బరువు పనికిరాదని, తక్కిన స్తంభాల కంటే ఆ ఒక్కదాన్ని సన్నం చేయించాడు. మూలకు బరువు వద్దన్నాడు సరే, మూల మీద మోపిన బరువు మాత్రం తగ్గలేదు. ఇక కొండ దిగి వచ్చే కోతుల బెడదకి కిటికీలకూ వరండాకూ బొటనవేలంత కడ్డీలు పెట్టించాడు. పై భాగానికి రాకపోకలన్నీ ఒక్క తలుపు నుంచే.

అయినా అవన్నీ ఇరవై ఏళ్ళు నిలిచాయి. నిలవనిది వరద మూడో రోజు మధ్యాహ్నం జరిగిన పని.

ఆ రోజు వీధిలో నీళ్ళు మోకాళ్ళ లోతుకు దిగాయి. భూమిలోని తొట్టి నిండా మురికినీళ్ళు చేరాయి. మర్నాడు దేవనాథన్ తండ్రి తద్దినం. ఆ నీళ్ళు ఇంట్లో ఉండగా మడి ఎట్లా అని కుముదవల్లి మోటారు వేయించి, తొట్టిని అడుగంటా తోడించి, కడిగించింది. నానిన నేలలో ఖాళీ తొట్టి తెల్లారేసరికి అడుగున్నర పైకి తేలింది. దాంతోపాటు స్తంభం కింది మట్టి జారిపోయింది. నాలుగు రోజులూ గోద కాలేజీలోని వరద శిబిరంలో చిక్కుకుని ఉంది. ఆమె ఫోను కలిసి ఉంటే ఒక్క ముక్క చెప్పేది, తోడొద్దండీ, నిండుగా ఉంటేనే అది కదలదు అని.

ఆ మాట ఇంటికొచ్చాక చెప్పింది. ఒక్కసారే చెప్పింది. విన్నాక అత్తగారి ముఖం చూసి, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కుముదవల్లి మాత్రం అప్పట్నుంచీ సరిగా తినడం లేదు.

కింద వాటాలో కాశింవలి కుటుంబం అద్దెకుంటోంది. ఆయన వడ్రంగి. పదహారేళ్ళుగా ఆ వాటాలోనే ఉంటున్నాడు. వాకిట్లో రెండు స్టూళ్ళ మీద పడగ్గది తలుపును పడుకోబెట్టి చిత్రిక పడుతున్నాడు. కాళ్ళ చుట్టూ చెక్కపొట్టు.

"ఏం వలీ భాయ్, తలుపు ఊడదీసినారు?"

"పట్టేస్తా ఉండాదమ్మా. నీళ్ళకి ఉబ్బింది. లోపల బుష్రా, బిడ్డ పండుకుంటారు కదా, తలుపు మూతపడకపోతే సలిగాలి." బుష్రా ఆయన కూతురు, పురిటికి వచ్చింది. బిడ్డకు పదో రోజు. "మొన్న ఒకసారి పట్టినాను. నిన్న మళ్ళీ పట్టినాక బాగా పడింది. ఈ పొద్దు మళ్ళీ పట్టుకునింది."

గోద వంగి తలుపు అంచు తడిమి చూసింది.

"యాడ పట్టుకుంటా ఉండాది?"

"పై మూల. అదిగో, తొట్టి వైపు."

"మూడు దినాల్లో రెండుసార్లా?"

"ఇది మూడోది."

"వలీ భాయ్, నీళ్ళు తీసి పన్నెండు దినాలైంది. ఎండ కాస్తా ఉండాది. చెక్క ఇప్పుడు ఉబ్బతాదా?"

కాశింవలి చేతులు ఆగిపోయాయి. నలభై ఏళ్ళు చెక్కతో బతికినవాడు. ఎండే చెక్క కుంచించుకుంటుందని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. జేబులోంచి దారపుండ తీసి, చివర ఉలి కట్టి, గుమ్మం పై మూల నుంచి వేలాడదీశాడు. ఉలి ఊగి ఊగి నిలిచింది. పైన చెక్కను ఆనుకున్న దారం కిందికొచ్చేసరికి రెండు వేళ్ళ దూరం జరిగింది.

"తలుపు పెరగలేదు," అన్నాడు కాశింవలి. "గుమ్మం వాలింది."

ఆయన అక్కడే చెక్కపొట్టులో కూర్చుండిపోయాడు.

"మూడు దినాలుగా నేను తలుపును కోస్తా ఉండానమ్మా. ఇల్లు నాకు చెప్తా ఉంటే, నేను దాని నోరు కోస్తా ఉండాను."

"మీ తప్పు కాదు. బుష్రాని, బిడ్డని పంపించండి. ఇప్పుడే."

"ఆయప్ప వచ్చి గుర్తు ఏయకముందే?"

"గుర్తు తర్వాత. ముందు బిడ్డ."

ఆయన ఇంకేమీ అడగలేదు. లోపలికి పోయి భార్య బషీరాను కేకేశాడు. అరగంటలో ఆటో వచ్చింది. ఉయ్యాల గుడ్డ, వేడినీళ్ళ ఫ్లాస్కు, బట్టల మూటలు, వాటి వెనకే ఆయన పనిముట్ల పెట్టె ఎక్కాయి. తల్లీ కూతుళ్ళు తిరుచానూరు రోడ్డులోని బంధువుల ఇంటికి బయలుదేరారు. బుష్రా ఆటోలోంచి పైకి చూసి, "మామీకి చెప్పి రాలేదే," అంది. పురుడు పోసుకున్నప్పట్నుంచీ కుముదవల్లి మామి రోజూ మెట్ల మీద మిరియాల చారు పెట్టి వెళ్ళేది. ఆటో కదిలింది. కాశింవలి మాత్రం మిగిలిన సామాను కోసం ఆగాడు.

చక్రధర్ చెప్పిన వేళకే వచ్చాడు. చేతిలో సుత్తి, సంచిలో మూడు రంగుల డబ్బాలు. దేవనాథన్ మెట్లు దిగి ఎదురెళ్ళాడు, పిల్లనిచ్చిన అల్లుణ్ణి పలకరించినట్టు పలకరించాడు. కాఫీ ఇప్పించమన్నాడు. చక్రధర్ తర్వాత తాగుతానన్నాడు.

అతను స్తంభం దగ్గర వంగి చూశాడు. పూత మీద వేలు పెట్టాడు. వేలికి తడి అంటింది.

"మేడమ్, ఈడ గాజుపట్టీ పెట్టినామని చెప్పినారు కదా?"

అందరికంటే వెనకగా కుముదవల్లి మెట్లు దిగి వచ్చింది. చేతిలో పూలసజ్జ, దాని మీద తెల్లగుడ్డ. సాయంత్రం పూజకు నందివర్ధనాలు కోసుకునే వేళ కాకపోయినా ఆ సజ్జతో ఆమెను చూడడం అందరికీ అలవాటే. ఎవరూ పట్టించుకోలేదు.

"పట్టీ నిలిచింది," అన్నాడు దేవనాథన్. "పూత వేసేటప్పుడు రాలింది. అంతే."

చక్రధర్ గోద వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మేడమ్. మీరు నేర్పించిందే నేను చేస్తా ఉండేది. మీ మాట మీద రాసేస్తాను."

పద్మనాభ్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "గోదా," అన్నాడు గొంతు తగ్గించి. "పసుపు అను. రెండు దినాలు పోనీ. నాయనకి మెల్లగా నచ్చజెప్పి నేనే తీసుకొస్తాను. ఉన్నట్టుండి అంటే ఆయన తట్టుకోలేడు."

అతను అబద్ధమాడడం లేదు. నిజంగానే తీసుకొస్తాడు. పెళ్ళైన నాటి నుంచీ అతను అన్నీ రెండు రోజుల తర్వాత చేశాడు, అన్నీ మెల్లగానే చేశాడు. గోదకు అతని మీద జాలి కలిగింది. ఆ జాలికి లొంగితే ఏమవుతుందో గుమ్మం దగ్గర వేలాడుతున్న ఉలి చెప్తోంది.

"పూత చెక్కెయ్ చక్రధర్," అంది.

"గోదా," అన్నాడు దేవనాథన్.

"చెక్కెయ్."

సుత్తి నాలుగుసార్లు పడింది. పచ్చి సిమెంటు పెచ్చులుగా రాలింది. ఆదివారం అగ్గిపుల్ల పట్టేంత ఉన్న పగులులో చక్రధర్ చూపుడువేలు మొదటి కణుపు దాకా పోయింది. అతను వేలు బయటికి తీసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"కొత్తగా పట్టీ పెట్టి చూడొచ్చు కదప్పా," అన్నాడు దేవనాథన్. గొంతులో ఇందాకటి బిగువు లేదు. "ఇంకో వారం చూస్తే ఏం?"

"పాతదే ఉండాది," అంది కుముదవల్లి.

ఆమె కొంగు ముడి విప్పింది. గాజుపట్టీ రెండు ముక్కలుగా అరచేతిలో ఉంది. సరిగ్గా మధ్యకు పగిలింది.

"పొద్దున నువ్వు పోయిన కాసేపటికి సూసినాను గోదా. కింద ముగ్గు ఏసేదానికి వచ్చి. పైకి పోయి ఆయనకి చెప్తే, పీకి పారెయ్, ఎవురికీ చెప్పొద్దు అన్నారు." ఆమె భర్త వైపు తిరగలేదు. "పారెయ్యలేకపోయినాను. తొట్టి తోడించింది నేనే. ఈ పాపం కూడా నా చేతనే మోయిస్తే ఎట్ల?"

దేవనాథన్ ఆ ముక్కల వంక చూశాడు. ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆమె నలుగురి ముందు ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఎదురు చెప్పినట్టు కూడా లేదు, అలసిపోయి కింద కూర్చున్నట్టుంది.

చక్రధర్ సంచిలోంచి ఎర్ర డబ్బా తీశాడు. గేటు పక్కన గోడకు అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. రంగు కారి కింది దాకా వచ్చింది.

దేవనాథన్ కారుతున్న రంగును చివరి దాకా చూశాడు. తర్వాత మెట్ల వైపు నడిచాడు. పద్మనాభ్ చెయ్యి పట్టుకుంటే విదిలించాడు.

"మీరంతా పోండి. పెరుమాళ్ళు కదలడు. నేనూ కదలను."

పైన తలుపు మూసుకుంది. మూయడానికి ఆయన రెండుసార్లు గట్టిగా నెట్టాల్సి వచ్చింది. గడియ పడింది.

"నాయనా," అంటూ పద్మనాభ్ మెట్లెక్కి తలుపు బాదాడు. "నాయనా, తియ్యి. పొద్దు పోకముందే పోదాం." బాదుతున్న ప్రతిసారీ కింద స్తంభం మీద మిగిలిన పూత పొడిపొడిగా రాలుతోంది.

"బాదొద్దు," అంది గోద. "పద్మా, తలుపు బాదొద్దు."

కుముదవల్లి వాకిట్లో నడిమధ్యకు వచ్చి నిలబడింది. పూలసజ్జ మీది తెల్లగుడ్డ తీసింది. సజ్జలో పూలు లేవు. సాలగ్రామం ఉండే వెండిపెట్టె ఉంది.

ఆ పెట్టెను అత్తగారు తాకడం గోద ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్ళు తాకకూడదని ఆ ఇంటి కట్టడి. గది తుడవాలన్నా దేవనాథన్ స్నానం చేసి, మడి కట్టుకుని, పెట్టె తీసి పక్కన పెట్టాకే ఆమె లోపలికి పోయేది. తన అత్తగారూ అట్లాగే చేసిందని చెప్పేది. అలాంటి మనిషి మడి లేకుండా, గాజు గీసుకున్న వేళ్ళతో ఆ పెట్టెను గుండెకు ఆనించి పట్టుకుంది. తల ఎత్తి పై తలుపు వైపు చూసింది.

"ఏమండీ. పెరుమాళ్ళు ఈడ ఉండాడు. నా చేతుల్లో ఉండాడు. కావాలంటే లోపల సూసుకోండి."

లోపల అడుగుల చప్పుడు. హాలు దాటి, ఈశాన్యం వైపు. ఆగింది. అక్కడ ఆయన ఎంతసేపు నిలబడ్డాడో ఎవరూ లెక్కపెట్టలేదు. పద్మనాభ్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. చక్రధర్ తల వంచుకున్నాడు. కొండల మీద మబ్బు పట్టింది.

అడుగులు తిరిగొచ్చాయి. ఈసారి తొందరగా వచ్చాయి.

గడియ తీసిన చప్పుడు కింద దాకా వినిపించింది. కుముదవల్లి కళ్ళు మూసుకుంది. గోద మెట్ల వైపు ఒక అడుగు వేసింది.

తలుపు తెరుచుకోలేదు.

లోపల్నుంచి ఒకసారి గుంజిన చప్పుడు. మళ్ళీ ఇంకోసారి. మూటతో బయటికొస్తున్న కాశింవలి ఆ చప్పుడు వినగానే ఆగి, మూట కింద పెట్టేశాడు. ఆ తలుపు చేసింది ఆయనే. రెండంగుళాల టేకు. చేతులు అలవాటుగా, ఆటోలో పోయిన పనిముట్ల పెట్టె కోసం పక్కకు వెతికి, ఖాళీగా నిలిచిపోయాయి.

"సామీ," అని కేకేశాడు. "గుంజొద్దు సామీ. గుమ్మం మీ మీద పడతాది."

గుంజడం ఆగింది. స్తంభం పక్క పగులులోంచి సన్నగా ఇసుక జారడం మొదలైంది. అప్పుడు తలుపు అవతల నుంచి దేవనాథన్ మాట వినిపించింది. కొడుకును పిలవలేదు, భార్యను పిలవలేదు.

"గోదా," అన్నాడు. "తలుపు రావడంలేదమ్మా."